కుప్ప ఎక్కడ పోశారు? తాగునీటి బోరుకు ఎగువన చల్లిన మురుగు బురదపై ఒక కేస్ స్టడీ

ఈ కేసు నా దగ్గరికి వాసన గురించిన ఫిర్యాదుగానో, రంగు మారిన నీళ్ల గురించిన ఫిర్యాదుగానో రాలేదు. ఊరి నీటి పథకంలో పంపు ఆపరేటర్‌గా పనిచేసే మనిషి తన లాగ్‌బుక్ పట్టుకొచ్చి టేబుల్ మీద పెట్టాడు. "సార్, ఎప్పుడూ వేసే మందే వేస్తున్నాను. వాన పడిన రెండు మూడు రోజులకి క్లోరిన్ నిలవడం లేదు. డోసు రెట్టింపు చేసినా అంతే" అన్నాడు.

నేను భూగర్భ జలాల మీద పనిచేస్తాను. తాగునీటి వనరులకు దగ్గర్లో వ్యర్థాల నుంచి వచ్చిన ఎరువులు పొలాల్లో వేయడానికి అనుమతి అడిగినప్పుడు, ఆ ఫైళ్లు సాంకేతిక అభిప్రాయం కోసం నాలాంటివాళ్ల దగ్గరికి వస్తాయి. ఈ ఊరికి ఎగువన ఉన్న పొలాల ఫైలు కూడా అంతకుముందు నా చేతి మీదుగా వెళ్లిందే. అందులో అభ్యంతరం చెప్పాల్సింది నాకేమీ కనిపించలేదు. అందుకే ఈ కేసు పూర్తిగా రాసి పెట్టాలనిపించింది.

మూడో మాత్ర

మర్నాడు బోర్ల దగ్గరికి వెళ్లాం. ఊరికి నీళ్లిచ్చే బోర్లు మూడు. మూడింటి నీళ్లూ ఒకే ట్యాంకులోకి ఎక్కుతాయి. ట్యాంకు కింద కుళాయి నుంచి గాజు గొట్టంలో నీళ్లు పట్టి, క్లోరిన్ చూసే డీపీడీ మొదటి మాత్ర వేశాం. నీళ్లు రంగు తేలలేదు. గులాబీ ఛాయ ఉందా లేదా అన్నంత పల్చగా ఉన్నాయి. ఆపరేటర్ నా వైపు చూశాడు, చెప్పాను కదా అన్నట్టు. అదే గొట్టంలో మూడో నంబరు మాత్ర వేశాను. అర నిమిషంలో ముదురు గులాబీ రంగు వచ్చేసింది.

మొదటి మాత్ర చూపించేది స్వేచ్ఛగా ఉన్న క్లోరిన్‌ని. మూడో మాత్ర వేశాక కనిపించేది వేరే దేనితోనో జతకట్టి ఉన్న క్లోరిన్‌ని. అంటే ఆపరేటర్ వేసిన మందు ఎక్కడికీ పోలేదు, నీళ్లలోనే ఉంది. అమ్మోనియాతో కలిసి క్లోరమైన్‌గా మారి కూర్చుంది. క్లోరమైన్ కూడా క్రిములను చంపుతుంది గానీ చాలా నెమ్మదిగా. లెక్క ప్రకారం ఒక మిల్లీగ్రాము అమ్మోనియా నైట్రోజన్‌ని వదిలించుకోవాలంటే 7.6 మిల్లీగ్రాముల క్లోరిన్ కావాలి, ఆచరణలో 10 దాకా పడుతుంది. డోసు రెట్టింపు చేసినా ఫలితం కనిపించకపోవడానికి కారణం అదే.

అమ్మోనియా కనిపించడం నాకు నైట్రేట్ కంటే ఎక్కువ టెన్షన్ కలిగించింది. ఎందుకంటే పొలంలో వేసిన ఎరువులోని అమ్మోనియాని మట్టి తేలిగ్గా కిందికి వదలదు. బంకమన్ను రేణువులు దాన్ని పట్టి ఉంచుతాయి, మట్టిలోని బాక్టీరియా నైట్రేట్‌గా మారుస్తాయి. కిందికి జారేది ఆ నైట్రేట్. బోరులో అమ్మోనియా అమ్మోనియాగానే వచ్చిందంటే ఆ నీళ్లు మట్టిలోంచి వడకట్టుకుని రాలేదన్నమాట. ఏదో అడ్డదారి ఉంది. అమ్మోనియా వచ్చిన దారిలో క్రిములూ రాగలవు.

బోర్లను విడివిడిగా పరీక్షిస్తే రెండింటిలో అమ్మోనియా లేదు, నైట్రేట్ పరిమితిలో సగానికి లోపే ఉంది. మూడో బోరులో అమ్మోనియా ఉంది, నైట్రేట్ పరిమితి దాటింది, మురుగు కలిసిందనడానికి గుర్తుగా చూసే కోలిఫాం బాక్టీరియా కూడా పాజిటివ్ వచ్చింది. ఆ సాయంత్రమే మూడో బోరు ఆపించాం. ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పే నైట్రేట్ హద్దు లీటరుకు 50 మిల్లీగ్రాములు. పాలపొడి నీళ్లలో కలిపి పట్టే పసిపిల్లల్ని దృష్టిలో పెట్టుకుని పెట్టిన హద్దు అది. నైట్రేట్ వాళ్ల రక్తంలో ఆక్సిజన్ మోసే శక్తిని దెబ్బతీస్తుంది. "కాచి తాగండి" అని మైకులో చెప్పించబోతుంటే నేను ఆపించాను. కాస్తే క్రిములు చస్తాయి, కానీ నీళ్లు ఆవిరైన కొద్దీ మిగిలిన నీళ్లలో నైట్రేట్ చిక్కబడుతుంది. పసిపిల్లలున్న ఇళ్లకు వేరే నీళ్లు పంపాలని చెప్పించాం.

ఫైల్లో అన్నీ ఉన్నాయి

ఆఫీసుకు వచ్చి పాత ఫైలు తీశాను. ఎగువ పొలాలకు వెళ్లేది మురుగునీటి శుద్ధి కేంద్రంలో నీరు పిండేసిన బురద. ఫైల్లో లోహాల రిపోర్టు ఉంది: కాడ్మియం, సీసం, పాదరసం, నికెల్, అన్నీ హద్దులోపే. క్రిముల రిపోర్టు ఉంది. మట్టి పీహెచ్ ఉంది. పంటకు ఎంత నైట్రోజన్ కావాలో, బురదలో ఎంత ఉందో, హెక్టారుకు ఎన్ని టన్నులు వేయాలో లెక్క ఉంది. బోర్లకూ పొలానికీ మధ్య దూరం మ్యాపులో కొలిచి రాశారు. వందల మీటర్లు.

ఇలాంటి ఫైలు ఎక్కడైనా దాదాపు ఇలాగే ఉంటుంది, ఎందుకంటే నిబంధనలు అలా పుట్టాయి. యూరప్‌లో 1986లో వచ్చిన మురుగు బురద డైరెక్టివ్ ప్రధానంగా లోహాల గురించి, నేల గురించి ఆలోచించింది. అమెరికాలో 1993లో వచ్చిన పార్ట్ 503 నిబంధనలు లోహాలకు హద్దులు పెట్టి, క్రిముల్ని బట్టి బురదను ఎ, బి తరగతులుగా విడగొట్టాయి. అవి అవసరమైన నిబంధనలే, వాటి వల్ల చాలా మేలు జరిగింది. కానీ అవి అడిగే ప్రశ్న "ఈ బురదలో ఏముంది?" అని. "ఈ పొలం మీద పడిన నీటి బొట్టు ఎటు పోతుంది, ఎన్నాళ్లకు చేరుతుంది?" అనేది వేరే ప్రశ్న. నా ఫైల్లో ఆ ప్రశ్నకు దూరం అనే ఒక్క అంకె తప్ప వేరే జవాబు లేదు. నేనూ అంతకంటే అడగలేదు.

నేను మొదట అనుమానించింది బురద డోసుని. పొలం మీద లెక్కకు మించి చల్లారేమో అనుకున్నాను. ఇక్కడ ఒక చిన్న లెక్క చెప్పాలి, ఎందుకంటే నీటి వైపు నుంచి చూస్తే హద్దు ఎంత సన్నటిదో దీంట్లో తెలుస్తుంది. ఏడాదికి 200 మిల్లీమీటర్ల వాననీరు నేలలోకి ఇంకుతుందనుకుందాం. హెక్టారుకు అది 20 లక్షల లీటర్లు. లీటరుకు 50 మిల్లీగ్రాముల నైట్రేట్ అంటే నైట్రోజన్‌గా చూస్తే సుమారు 11.3 మిల్లీగ్రాములు. అంటే హెక్టారు నుంచి 23 కిలోల నైట్రోజన్ కిందికి జారితే చాలు, ఆ పొలం కింద చేరే నీళ్లు హద్దును తాకుతాయి. యూరప్ నైట్రేట్ డైరెక్టివ్ పశువుల ఎరువుల ద్వారా హెక్టారుకు ఏడాదికి 170 కిలోల దాకా నైట్రోజన్ వేయనిస్తుంది. అందులో ఏడో వంతు పంటకు అందకుండా జారిపోయినా నీళ్ల వైపు గంట మోగుతుంది. పంట బాగా తీసుకుంటే ఆ పరిస్థితి రాదు. కానీ పంట లేని నేల మీద, పెద్ద వానకు ముందు వేస్తే వస్తుంది.

అయితే పొలంలో తీసిన మట్టి నమూనాలు నా అనుమానాన్ని బలపరచలేదు. రైతు వేసింది లెక్క ప్రకారమే. కొన్నిచోట్ల తక్కువే.

నల్లటి గీత

రైతుతో కలిసి పొలమంతా నడిచాం. పై గట్టు పక్కన, బండి దారి మలుపులో నేల నల్లగా, జిగురుగా ఉంది. అక్కడ ఏముండేదని అడిగాను.

"కుప్ప పోసేవాళ్లం సార్. లారీ వచ్చినప్పుడు దింపుకోవాలి కదా. చేలో పంట ఉంటే ఎక్కడ చల్లను? కోత అయ్యేదాకా ఇక్కడే ఉంటది."

"వానాకాలమంతా ఇక్కడే ఉందా?"

"ఉంది. కప్పడానికి పట్టా ఇస్తామన్నారు, ఇవ్వలేదు."

ఆ మాట దగ్గరే కేసు మలుపు తిరిగింది. శుద్ధి కేంద్రంలో బురద ఏడాదిలో 365 రోజులూ పుడుతుంది. దాన్ని నేల తీసుకోగలిగేది ఏడాదికి రెండు సార్లు, ఒక్కోసారి రెండు మూడు వారాలు. ఈ తేడాను ఎవరో ఒకరు మొయ్యాలి. కేంద్రంలో నిల్వ స్థలం లేకపోతే ఆ బరువు లారీలో పొలానికి వచ్చేస్తుంది. అనుమతి పత్రం చల్లడం గురించి రెండు పేజీలు రాసింది. దింపడం గురించి ఒక్క లైను కూడా లేదు.

కుప్ప లెక్క వేసి చూడండి. 100 టన్నుల పిండిన బురదలో పొడి పదార్థం ఐదో వంతు ఉంటే 20 టన్నులు. అందులో నైట్రోజన్ 4 శాతం అనుకుంటే 800 కిలోలు. 170 కిలోల లెక్కన దాన్ని పరచడానికి దాదాపు 5 హెక్టార్లు కావాలి. కుప్పగా పోస్తే అది ఒక పెద్ద గదంత చోట ఇమిడిపోతుంది. అక్కడ దాన్ని తీసుకునే వేరు ఒక్కటి కూడా ఉండదు. వాన పడిన ప్రతిసారీ కింద నుంచి చిక్కటి కషాయం దిగుతుంది.

నల్లటి మరక కుప్ప చోటు నుంచి గట్టు వెంట పల్లానికి ఒక గీతలా సాగింది. ముప్పై నలభై అడుగులు దాని వెంటే నడిచాం. తర్వాత గీత లేదు. పల్లంలో కాలువ దాకా వెళ్లి చూశాను, అక్కడ మట్టి శుభ్రంగా ఉంది. నీళ్లు పల్లానికి పోవాలి. ఇవి మధ్యలో మాయమయ్యాయి. గీత ఆగిన చోట కంప వేసి ఉంది. కంప తీస్తే దాని కింద ఒక పలక రాయి, రాయి కింద నేల మట్టానికి కోసేసిన కేసింగ్ పైపు, దాని నోట్లో కుక్కిన గోనెసంచి. చాలా ఏళ్ల కిందట వేసి, నీళ్లు పడలేదని వదిలేసిన బోరు. గోనె మీద నల్లటి నీళ్లు దిగిన చారలున్నాయి. సంచి తీసి చిన్న రాయి వేశాం. చాలాసేపటికి నీళ్లలో పడిన చప్పుడు వచ్చింది.

రైతు మొహం చూడలేకపోయాను. ఆయన తాగేది కూడా ఆ ఊరి నీళ్లే.

అనుమానం చాలదు, రుజువు కావాలి. మూడో బోరు నీళ్లు ఊరికి వెళ్లకుండా లైను విడదీసి, పంపు మాత్రం నడుపుతూ, పాత బోరులో ఫ్లోరెసీన్ రంగు కలిపిన నీళ్లు పోశాం. ఫ్లోరెసీన్ చాలా కొద్దిగా ఉన్నా పరికరానికి దొరుకుతుంది. చేసే ముందు ఊళ్లో చెప్పాం. కుళాయిలో పచ్చ నీళ్లు వస్తాయన్న పుకారు పుడితే పరీక్ష కంటే పుకారే పెద్దదవుతుంది. మూడో రోజు మధ్యాహ్నం మూడో బోరు నమూనాలో రంగు తగిలింది. మిగతా రెండింటిలో రాలేదు.

ఇంగ్లండ్‌లో తాగునీటి బోరు చుట్టూ గీసే మొదటి రక్షణ వలయాన్ని 50 రోజుల ప్రయాణ కాలంతో నిర్ణయిస్తారు. ఆ వలయంలోకి వచ్చిన నీరు 50 రోజుల్లోపు బోరును చేరుతుందని అర్థం. అంతకంటే ఎక్కువ కాలం నేలలో ఉంటే చాలా క్రిములు చచ్చిపోతాయన్న లెక్క మీద అది నిలబడింది. అక్కడ సేంద్రియ ఎరువు చల్లాలన్నా, నిల్వ చేయాలన్నా తాగునీటి బావికీ బోరుకీ కనీసం 50 మీటర్ల దూరం పాటించాలి. మా పొలం ఆ 50 మీటర్లకు ఎన్నో రెట్ల దూరంలో ఉంది. కాలం లెక్కలో మాత్రం మూడు రోజుల దగ్గరుంది. రాతి పగుళ్లలో నీరు ప్రయాణించే చోట, పాత బోర్లు తెరిచి ఉన్న చోట మీటర్ల మీద ఆధారపడితే మోసపోతాం.

ఇంతకుముందు ఒకచోట జరిగింది

2000 మే నెలలో కెనడాలోని ఒంటారియో రాష్ట్రంలో వాకర్టన్ అనే ఊళ్లో జరిగిన దుర్ఘటన ఈ రంగంలో పనిచేసే ప్రతివాళ్లూ చదవాలి. ఊరి బోర్లలో ఒకటి లోతు తక్కువది. దాని దగ్గర్లోని పొలంలో పశువుల ఎరువు వేశారు. మే రెండో వారంలో కుండపోత వాన కురిసింది. ఈ.కోలై ఓ157, కాంపైలోబాక్టర్ అనే బాక్టీరియాలు నీళ్లలోకి చేరాయి. ఏడుగురు చనిపోయారు, 2,300 మందికి పైగా జబ్బుపడ్డారు. విచారణ జరిపిన న్యాయమూర్తి డెనిస్ ఓకానర్ ఆ రైతు తప్పేమీ లేదని తేల్చారు. ఆయన మంచి పద్ధతులే పాటించారు. క్లోరిన్ సరిగ్గా వేయలేదు, దాన్ని నిరంతరం కొలిచే మీటరు లేదు, పైగా క్లోరిన్ రికార్డులు తప్పుగా రాశారు.

మా ఆపరేటర్ లాగ్‌బుక్ చూసినప్పుడు నాకు వెంటనే గుర్తొచ్చింది అదే. అతను ఉన్నదున్నట్టు రాశాడు. సున్నా వచ్చిన రోజు సున్నా అని రాశాడు. అలా రాయడం వల్లే మేం అక్కడిదాకా వెళ్లగలిగాం. నిబంధనల గురించి మాట్లాడేటప్పుడు ఆ జీతం, ఆ నోటుబుక్, ఆ డీపీడీ మాత్రల డబ్బా ఎవరి లెక్కలోకీ రావు. నా దృష్టిలో అవి రక్షణలో మొదటి వరుస.

వాకర్టన్ తర్వాత ఒంటారియో 2006లో తెచ్చిన క్లీన్ వాటర్ చట్టం నీటి వనరు దగ్గర మొదలుపెట్టి వెనక్కి నడుస్తుంది. బోరు చుట్టూ 100 మీటర్లు ఒక వలయం, తర్వాత 2 ఏళ్లు, 5 ఏళ్లు, 25 ఏళ్ల ప్రయాణ కాలాలతో మరికొన్ని. ఒక్కో వలయంలో ఏ పని ముప్పో జాబితా రాసి ఉంది. వ్యవసాయం నుంచి కాకుండా బయటి నుంచి వచ్చే పదార్థాల్ని, అంటే శుద్ధి కేంద్రం బురద, ఆహార ఫ్యాక్టరీ వ్యర్థం లాంటివాటిని నేలలో వేయడం ఆ జాబితాలో ఒక ముప్పు. వాటిని నిల్వ చేయడం విడిగా ఇంకో ముప్పు. రెండింటినీ విడివిడిగా రాయడం ఎంత అవసరమో మా కుప్ప దగ్గర నిలబడ్డాక నాకు బాగా తెలిసింది.

ఏం మార్చాం

పాత బోరుకు మూత వేస్తే సరిపోదు. మూత కింద గొట్టం అలాగే ఉంటుంది. లోపలి చెత్త తీయించి, క్లోరిన్ వేసి, అడుగు నుంచి పైదాకా సిమెంటు, బెంటొనైట్ అనే బంకమన్ను కలిపిన ముద్ద (గ్రౌట్) నింపించాం. పై నుంచి పోస్తే మధ్యలో గాలి చిక్కుకుని ఖాళీలు మిగులుతాయి కాబట్టి సన్నటి పైపు అడుగుదాకా దింపి కింద నుంచి నింపుకుంటూ వచ్చాం. చుట్టుపక్కల ఇంకెన్ని ఉన్నాయో వెతికితే రికార్డులో లేనివి మరో రెండు దొరికాయి. రెండూ ఊళ్లోని పెద్దవాళ్లు చూపించినవే.

అనుమతి షరతుల్లో ఎక్కువ గొడవ నిల్వ దగ్గర జరిగింది. శుద్ధి కేంద్రం వాళ్లు తమ పని గేటు దాటేదాకానే అన్నారు. పొలంలో కుప్పకు పట్టా కప్పితే చాలదా అని అడిగారు. చాలదు. పట్టా వానను కొంత ఆపుతుంది, కానీ బురదలోనే ఐదింట నాలుగు వంతులు నీళ్లున్నాయి, అవి కింద నుంచి కారతాయి. చివరికి ఒప్పుకున్నదేమిటంటే, చల్లడానికి పొలం సిద్ధంగా లేకపోతే లారీ బయల్దేరదు. పంట ఉన్న నెలల్లో బురద కేంద్రంలోనే, కాంక్రీటు గచ్చు మీద, కప్పు కింద ఉండాలి. కారిన నీళ్లు తిరిగి శుద్ధిలోకే వెళ్లాలి. ఖర్చు కేంద్రానిదే. ఈ ఒక్క షరతు కోసం నాలుగు మీటింగులు పట్టాయి, పట్టడం న్యాయమే అనుకుంటాను, ఎందుకంటే డబ్బు అంతా అక్కడే ఉంది.

దాంతోపాటు ఫైల్లో దూరం కాలమ్ పక్కన ప్రయాణ కాలం కాలమ్ చేరింది. పొలంలో, దిగువన ఉన్న ప్రతి బోరూ, పాతదైనా పనికిరానిదైనా, మ్యాపు మీద ఉండాలి. చల్లడానికి రెండు రోజుల ముందు రైతు పంపు ఆపరేటర్‌కు ఫోన్ చేయాలి. పెద్ద వాన సూచన ఉంటే ఆగాలి.

ఊళ్లో కొందరు బురదను పూర్తిగా ఆపేయమన్నారు. వాళ్ల కోపం నాకు అర్థమైంది. నత్రజని, భాస్వరం, సేంద్రియ పదార్థం ఉన్న ఎరువును తగలబెట్టడమో పూడ్చడమో తప్ప వేరే దారి లేదనడానికి నా మనసు ఒప్పుకోలేదు. పూడ్చినా అది ఇంకో ఊరి నీళ్ల పైన పూడ్చడమే. కానీ ఒక విషయంలో వాళ్లు అడిగింది సరైనదే, నా దగ్గర దానికి పూర్తి జవాబు లేదు. అది పీఫాస్, అంటే ఫ్యాక్టరీల్లో వాడే, దాదాపు ఎప్పటికీ విరగని రసాయనాల కుటుంబం.

నైట్రేట్‌ని పంట తింటుంది. క్రిములు కాలంతో చస్తాయి. పీఫాస్ రసాయనాల విషయంలో ఆ రెండూ జరగవు. దూరం, కాలం అనే మన రెండు ఆయుధాలూ వాటి ముందు పనిచేయవు. జర్మనీలో రాస్టాట్, బాడెన్-బాడెన్ చుట్టుపక్కల పేపరు మిల్లుల బురద కలిపిన కంపోస్టు పొలాల్లో వేశారు. తర్వాత ఎన్నో ఏళ్లకు 2012, 2013 ప్రాంతంలో తాగునీటి బోర్లలో పీఫాస్ బయటపడింది. వందల హెక్టార్ల నేల కలుషితమైందని తేలింది. అక్కడ పొలానికి చేరింది "కంపోస్టు" అనే పేరుతో. వ్యర్థం అనే పేరు పోయి ఎరువు అనే పేరు వచ్చిన రోజునే దాని మీద చూపు సడలుతుంది. అమెరికాలో మెయిన్ రాష్ట్రం 2022లో మురుగు బురదను నేలలో వేయడాన్నే నిషేధించింది. పీఫాస్‌లలోని పీఫోవా, పీఫోస్ అనే రెండింటికీ తాగునీటిలో అమెరికా 2024లో పెట్టిన హద్దు ఒక్కోదానికి లీటరుకు 4 నానోగ్రాములు. గ్రామును వంద కోట్ల వంతులు చేస్తే అందులో ఒక వంతు ఒక నానోగ్రాము.

అందుకని కొత్త షరతుల్లో, ఈ మురుగు కాలువలోకి ఏయే ఫ్యాక్టరీలు నీళ్లు వదులుతున్నాయో జాబితా ముందు పెట్టాలని రాయించాను. పూత పూసే యూనిట్లు, క్రోమియం పూత వేసేవి, కొన్ని రకాల పేపరు, బట్టల మిల్లులు ఆ జాబితాలో ఉంటే, పీఫాస్ పరీక్ష లేకుండా ఆ బురద తాగునీటి వనరు ఎగువకు రాకూడదు. ఈ పదార్థాన్ని ఆపగలిగేది కాలువ మొదట్లోనే. పొలంలో పడ్డాక నేను చేయగలిగింది కొలవడం మాత్రమే.

ఇప్పుడెలా ఉంది

తర్వాతి వానాకాలం మొత్తం ఆపరేటర్ మూడో బోరు నీళ్లను విడిగా పరీక్షిస్తూ వచ్చాడు. అమ్మోనియా మొదటి నెలలోనే పోయింది. కోలిఫాం వరుసగా నెగెటివ్ వస్తోంది. నైట్రేట్ మాత్రం నెమ్మదిగా దిగుతోంది, ఒక నెల దిగి ఒక నెల కాస్త పెరుగుతోంది. కుప్ప కింద నేలలో ఏళ్ల తరబడి చేరింది ఇంకా ఉంది, వాన పడినప్పుడల్లా కొంత దిగుతుంది. ఆ నల్లటి మట్టిని రెండడుగుల లోతున తీయించి, పలచగా దూరపు చేలలో పరిపించాం. దాని మీద లోతుగా వేరు దిగే గడ్డి వేశారు రైతు.

ఈ సీజన్‌లో ఆపరేటర్‌కు మొదటి ఫోన్ ఆయన నుంచే వచ్చింది. వాన సూచన ఉందని విని నాలుగు రోజులు ఆగి చల్లారు. మూడో బోరును ఇంకా ఊరి లైనుకు కలపలేదు. వరుసగా ఆరు నెలలు నైట్రేట్ హద్దు లోపల ఉంటేనే కలపాలని రాసుకున్నాం. ఇప్పటికి రెండు నెలలు అయ్యాయి.